చక్కెర లేని పాయసం

"మీ ఆయన కాలి బొటనవేలికీ మీ ఊరి పార్టీలకూ ఏం సంబంధమమ్మా?" అని ప్రొద్దుటూరు డాక్టరు అడిగితే నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన కోస్తా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక "ఉందిలెండి సార్" అని ఊరుకున్నాను.

నేను జమ్మలమడుగు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా నర్సును. పేరు అరుణకుమారి. మా ఆయన ఆనందరావు మా ఊరి బడిలో పంతులు. ఊరు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో ఉంటుంది. పగలంతా చక్కెర రోగుల పుండ్లు కడిగి, కట్లు కట్టి, ఏం తినాలో ఏం తినకూడదో నోరు నొప్పి పుట్టేలా చెప్పి ఇంటికి వస్తే, నా ఇంట్లోనే ఒక చక్కెర రోగి మూతి తుడుచుకుంటూ ఎదురొచ్చేవాడు. జనవరిలో కొత్త చెప్పు కరిచి ఆయన బొటనవేలి పక్కన పుండు పడింది. ఫిబ్రవరి వచ్చినా మానలేదు. ఎండాకాలం అయ్యేలోపు చక్కెర అదుపులోకి రాకపోతే వేలు తీసేయాల్సిందేనని, వేలితో ఆగుతుందని కూడా చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆ మాట విని మా ఆయన తలాడించాడు. నేను మాత్రం ఆయన పాదం వైపే చూశాను. తీసేసిన వేళ్లు, పాదాలు, మోకాలి దాకా కాళ్లు, అన్నీ నా చేతులతో ట్రేలో పెట్టి పక్క గదికి మోసినదాన్ని.

ఇక పార్టీల సంగతి. మా ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు. వాళ్ల పేర్లు ఎవరూ పైకి పలకరు. ఒకాయన మేడాయన, ఇంకొకాయన తోటాయన. ఒకరి మనుషులు పోయే అంగడికి ఇంకొకరి మనుషులు పోరు. క్షౌరం చేసేవాడు వేరు, పిండి మర వేరు. ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు ముంచుకొస్తున్నాయని ఎండలు ముదరకముందే ఇద్దరూ పోటీపడి చలివేంద్రాలు తెరిచారు. నీళ్లు పోస్తే పరువు తక్కువ కదా! మేడాయన పందిట్లో రోజా షర్బతు, తోటాయన పందిట్లో నన్నారి షర్బతు. చెంచా నిలబడేంత చక్కెర. మా ఇల్లు ఊరికి ఈ కొసన, బడి ఆ కొసన. మధ్యలో ఈ రెండు పందిళ్లు. పోతూ రెండు గ్లాసులు, వస్తూ రెండు గ్లాసులు.

"నీళ్లు చాలని చెప్పలేరా మీరు?" అని అరిచాను.

"నీళ్లు చాలంటే అలిగినాడంటారు అరుణా. ఒకచోట తాగి ఇంకోచోట మానితే పార్టీ మారినాడంటారు. రెండు దిక్కుల పిల్లోళ్లూ ఒక బెంచీ మీద కూర్చుంటాండారు మన బళ్లో. చుట్టుపక్కల ఏ ఊళ్లోనన్నా ఉండాదా అట్ల? నేను రెండు పందిళ్లలో తాగబట్టే అది నడుస్తాండాది."

"అయితే ఆ వేలు కోయించుకుని బడి గంటకు కట్టుకోండి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండుతుంది. ఒకరోజు నా పోరు పడలేక షుగరు ఉందని మేడాయన పందిట్లో చెప్పాడట. మేడాయనకు కుడిభుజం వెంకటయ్య అక్కడే ఉన్నాడు. "మేడాయనకూ ఉండాది అయ్యోరా షుగరు. రోజూ నాలుగు గ్లాసులు తాగుతాండాడు. ఆయన షుగరు కంటే నీ షుగరు పెద్దదా?" అని గ్లాసు చేతిలో పెట్టాడట. రోగంలో కూడా పెద్దాయనను మించకూడదు మా ఊళ్లో.

నన్ను ఆదుకున్నది శ్రమదినాలు. ఈస్టరుకు ముందు నలభై రోజులు మా సంఘంలో చాలామంది ఏదో ఒకటి వదులుకుంటారు. మా ఆయన చేత తీపి వదిలించాను. మా ఊరివాళ్లు డాక్టరు మాటంటే నవ్వుతారు గానీ దేవుడి మాటంటే చేతులు జోడిస్తారు, ఏ దేవుడైనా సరే. ఉపవాసమనగానే రెండు పందిళ్లలోనూ మంచినీళ్లు ఇచ్చి పంపారు. దేవుడు నన్ను క్షమించాలి, ఆ ఏడు మా ఇంట్లో ఉపవాసం క్రీస్తు శ్రమల కోసం కాదు, బొటనవేలి కోసం.

తిండి నా చేతికి వచ్చింది. పిడికిలంత రాగిసంగటి, దానికి రెండింతలు ఆకుకూర పప్పు, గోరుచిక్కుడో బెండకాయో ఒక కూర, ఒక గుడ్డు, పలచటి మజ్జిగ. అన్నీ తినేవాడు. కానీ తిన్నాక పళ్లెం ముందు నుంచి లేచేవాడు కాదు. రావాల్సిన బస్సు రాలేదన్నట్టు కూర్చునేవాడు. మనిషి నలభై ఎనిమిదేళ్లు భోజనం చివర తీపి తిని పెరిగాడు. అది లేకపోతే ఆయనకు భోజనం అయినట్టే ఉండదు. ఈ ఉపవాసం అయిపోగానే వెళ్లి గంగాళంలో మునుగుతాడని నాకు అర్థమైంది. వద్దు వద్దని అరిచి లాభం లేదు, ఆయన తినగలిగే తీపి ఏదో నేనే చేయాలి.

మొదట రాగిపిండితో చేశాను. "గోడకు పోస్టరు అతికించేదానికి బాగుంటాది" అన్నాడు. గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. రెండోసారి సబ్జా గింజలు ఎక్కువై కప్ప గుడ్లలా తేలాయి. మూడోసారి కుదిరింది. గుప్పెడు కొర్రలు మెత్తగా ఉడికించి, మీగడ తీసిన పాలు పోసి, ఏలకులు దంచి వేసి, ఇసుకలో పెట్టి తడిపిన కొత్త కుండలో మధ్యాహ్నం దాకా చల్లార్చాను. తినే ముందు పెన్న ఇసుకలో పండిన కర్బూజ ముక్కలు కొన్ని, ఒక చెంచా సబ్జా, పైన నాలుగు వేయించిన శెనక్కాయ పలుకులు. చక్కెర లేదు, బెల్లం లేదు. కర్బూజ తీపి, ఏలకుల వాసన, కుండ చల్లదనం, అంతే. ఇది తిన్న పూట సంగటి సగానికి సగం తగ్గించేదాన్ని. ఎందుకంటే కొర్రలూ గింజలే, పండులోనూ చక్కెర ఉంటుంది. రోజుకు ఒకే ఒక్క గిన్నె.

మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇంకో గిన్నె ఉందా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకో గిన్నె మాత్రం ఇవ్వలేదు.

రోజూ పొద్దున స్పిరిటు దీపం మీద గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆయన మూత్రం చుక్కలు వేసి కాచేదాన్ని. చక్కెర ఎక్కువుంటే నీలం కాస్తా ఇటుక రంగుకు తిరుగుతుంది. ఫిబ్రవరిలో రోజూ ఇటుకే. మార్చిలో పసుపు. ఈస్టరు నాటికి ఆకుపచ్చ. పుండు అంచుల్లో గులాబీ రంగు కండ మొలిచింది. ఆ గులాబీ రంగు ఎంత అందమైనదో నర్సులకే తెలుస్తుంది. ఈస్టరు తర్వాత ఉపవాసం పొడిగించుకున్నానని ఆయన మూడు వారాలు నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత బడికి సెలవులిచ్చారు. ఇంకో నెల గడిస్తే వేలు దక్కినట్టే.

అప్పుడు మేడాయన కొడుకు సర్పంచి అయినందుకు విందు పెట్టారు.

ఎన్నికల్లో గెలిచింది పదకొండు ఓట్లతో. విందు మాత్రం పదకొండు ఊళ్లకు. పులివెందుల వైపు నుంచి బంధువులు మూడు జీపుల్లో దిగారు. తువ్వాళ్ల కింద వాళ్లు ఏం పెట్టుకున్నారో ఎవరూ అడగరు. మా పాస్టరు గారినీ పిలిచారు కాబట్టి ఉపవాసమనే అబద్ధం ఆడడానికి లేదు. పోకపోతే తోటాయన పార్టీ అంటారు. అంతకు ముందురోజే తోటాయన మనవరాలి కాలేజీ ఫారం నింపడానికి మా ఆయన వాళ్లింట్లో రెండు గంటలు కూర్చుని వచ్చాడు. ఇప్పుడు పోకుంటే ఆ మాట ఖాయమైపోతుంది.

"పోదాం, బువ్వ నేను చెప్పినంత తినండి. చివర పాయసం వస్తే వద్దని, మన పాయసం తినండి" అని స్టీలు డబ్బాలో పోసి ఇచ్చాను. ఆ తెలివి నాదే. ఆయనకు తోచిన పని కాదు. రోగికి ఇంటి నుంచి డబ్బా పంపడం ఆసుపత్రిలో రోజూ చూసే పని కదా, దాంట్లో తప్పేముందని నేను అనుకున్నాను. ఎన్నికలప్పుడు పక్క ఊళ్లో ఎవరి బావిలోనో ఎండ్రిన్ పురుగుమందు కలిపారని పుకారు పుట్టింది. అది నాకు గుర్తు రాలేదు. ఇంట్లో చేసిన తిండి చేతిలో పట్టుకుని ఇంకొకరి విందుకు పోతే మా సీమలో ఏమని అర్థమో ఇక్కడ పుట్టి పెరిగిన నాకు తట్టకపోవడం ఏమిటి? ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

వంట ప్రొద్దుటూరు చాంద్ బాషాది. అరవై ఏళ్ల మనిషి. ఇటు మేడింట్లోనూ అటు తోటింట్లోనూ పెళ్లిళ్లకు వండిన చెయ్యి. అవి రంజాన్ రోజులు. ఆయన రోజాలో ఉండి, నోట్లో నీటి చుక్క పడకుండా, మే నెల ఎండలో పొయ్యిల దగ్గర నిలబడి వండాడు. బాదం పాలలో సేమ్యా వేసి, ఐసుగడ్డల మధ్య రెండు గంగాళాలు పెట్టి చల్లార్చిన పాయసం. ఆ వాసనకే నోరూరిపోయింది, అబద్ధమెందుకు.

నేను ఆడవాళ్ల వరుసలో అరుగు మీద కూర్చున్నాను. మా ఆయన ఎదురుగా షామియానా కింద. బువ్వ అయింది. దొన్నెల్లో పాయసం వచ్చింది. ఆయన చేయి అడ్డం పెట్టి వద్దని, డబ్బా మూత తీశాడు.

వెంకటయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఏం అయ్యోరా, మా పాయసం తినవా?"

"నాకు ఇంట్లో చేసింది ఉండాదిలే వెంకటయ్యా."

"నిన్న తోటింటికి పోయినావంట?"

"ఫారం నింపేదానికి పోయినా."

"ఆడ ఏమన్నా తాగినావా?"

మా ఆయనకు అబద్ధం రాదు. "మజ్జిగ తాగినా" అన్నాడు.

ఆ వరుసలో దొన్నెలు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఆగిపోయారు. అక్కడ తాగాడు, ఇక్కడ ముట్టడం లేదు. అయ్యోరికి ఏదో తెలిసింది. ఆ మాట ఎవరూ అనలేదు, అందరికీ అర్థమైపోయింది. ఒకడు దొన్నె కింద పోశాడు, తర్వాత పక్కవాడు. "వంటాయప్ప పొద్దున్నించి చుక్క రుచి చూడలేదప్పా, ఉప్పు కూడా వేరేవాళ్లతో చూపించినాడు!" అని ఎవరో కేకేశారు. రంజాన్ నెలని ఆ షామియానా కింద తెలియనివాడు లేడు. కానీ ప్రాణం మీదికి వచ్చిందనుకున్నవాడికి అవన్నీ గుర్తుంటాయా? అప్పటికే రెండు దొన్నెలు తాగేసిన మేడాయన పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

జీపుల్లో వచ్చినవాళ్లు చాంద్ బాషాను మెడకు తువ్వాలు వేసి గంగాళం దగ్గరికి ఈడ్చుకొచ్చారు.

"ఎవరిచ్చినారు నీకు దుడ్లు? చెప్పు!"

"అల్లా తోడు అప్పా, రోజాలో ఉండా. అందుకే నోట్లో పెట్టలేదు. కావాలంటే ఇప్పుడే రోజా ఇడుస్తా, నేనే తాగుతా" అని ఆ ముసలాయన గరిటె ఎత్తాడు. తొందరలో సగం పాయసం గడ్డం మీద పడింది. వెంకటయ్య గరిటె లాగేశాడు. "నువ్వు తాగితే ఏం తెలుస్తాది? చచ్చేదానికి ఒప్పుకునే వచ్చింటావు. అయ్యోరు తాగల్ల."

నేను అరుగు దిగి పరిగెత్తాను. "షుగరప్పా! ఆయనకు షుగరు! కాలు చూడండి, కట్టు చూడండి! అందుకే డబ్బా తెచ్చుకున్యాడు, ఇంగేం లేదు!" అని గొంతు చించుకున్నాను.

"మేడాయనకూ ఉండాది షుగరు" అన్నాడు వెంకటయ్య, మళ్లీ.

వాడి తలకాయ గంగాళంలో ముంచాలన్నంత కోపం వచ్చింది నాకు. ఈలోగా మా ఆయన కట్టు కాలితో కుంటుకుంటూ వచ్చాడు. చాంద్ బాషా మెడ మీద తువ్వాలు తీసి ఆయన భుజం మీద వేశాడు. "నీ రోజా నువ్వు ఉండు బాషా" అన్నాడు. గరిటె తీసుకుని, పాయసం ముంచి, నా వైపు చూశాడు.

మూడు నెలలు ఆ నోట్లోకి చెంచా చక్కెర పోకుండా కాపలా కాసినదాన్ని. అయినా ఒక మనిషి మెడకు తువ్వాలు బిగించిన చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి.

"తాగండి" అన్నాను.

తాగాడు. అడుగు నుంచి ఇంకో గరిటె తాగమన్నారు. రెండో గంగాళంలోది కూడా తాగమన్నారు. మూడు గరిటెలు తాగి, పంచ అంచుతో మూతి తుడుచుకుని అందరి మధ్యలో నిలబడ్డాడు. పావుగంట సేపు రెండు వందల మంది ఆయనను చూస్తూ నిలబడ్డారు. చివరికి ఆయనే, "ఏలకులు రవ్వంత ఎక్కువైనాయి బాషా" అన్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మేడాయన పొట్ట వదిలేసి ఇంకో దొన్నె అడిగాడు. చాంద్ బాషా నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆయనకు క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరునాడు పొద్దున గాజు గొట్టంలో మళ్లీ ఇటుక రంగు. దాన్ని కడుగుతూ మా ఊరినీ, పార్టీలనూ, పాయసం కనిపెట్టినవాణ్నీ కలిపి తిట్టాను. అంతలో వాకిట్లో జీపు ఆగింది. తోటాయన మనిషి దిగాడు. వాళ్ల చిన్న మనవరాలి ఓణీల పండగట.

"మేడింట్లో అయ్యోరు ముందు తిని చూపించినాడంటనే నర్సమ్మా! మా ఇంట్లో కూడా ఆయప్ప తింటేనే మేము తింటామని పిలిచినోళ్లంతా అంటాండారు. పెద్దాయప్ప జీపు పంపినాడు."

గాజు గొట్టం పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చాను. "నా మొగుడు మీకు అంత చవగ్గా దొరికినాడా? మీరు మీరు నమ్ముకోల్యాక ఆయన నోరు కావాల్సొచ్చిందా?" అని వీధంతా వినేలా అరిచాను. జీపు మనిషి తల వంచుకుని నిలబడ్డాడు గానీ కదలలేదు. మా ఆయన లోపలి నుంచి వచ్చి, "నేను పోకుంటే ఇంకో వంటాయన మెడ పట్టుకుంటారు అరుణా" అన్నాడు మెల్లగా. అదీ నిజమే. నిజమైన మాట మీద కోపం ఇంకా ఎక్కువ వస్తుంది.

"సరే, వస్తాడు. కానీ నేను రాసిచ్చిందే వండల్ల. చక్కెర పలుకు తగిలినా లేచి వచ్చేస్తాడు" అన్నాను. ఆసుపత్రి చీటీ మీద రాసిచ్చాను. కొర్రలు ఇంత, మీగడ తీసిన పాలు ఇంత, కర్బూజలు ఇన్ని, సబ్జా, ఏలకులు. పాయసమే కాదు, దానికి ముందు ఆకుకూర పప్పు, కూరగాయలు, సంగటి చిన్న ముద్దలు అని కూడా రాశాను. వస్తే అన్నీ రానీ అనుకున్నాను.

వండింది చాంద్ బాషానే. నేను పోయి ఒకసారి చూపించాను, రెండోసారికి నాకంటే బాగా చేశాడు. తోటింట్లో మా ఆయన తిని చూపించాక మొదటి దొన్నె అందుకున్నవాడు మొహం అదోలా పెట్టి, "తీపి యాడుండాది దీంట్లో?" అన్నాడు. "నిదానంగా తిను, తెలుస్తాది" అన్నాను. ఆ మండుటెండలో కడుపు బరువెక్కకుండా చల్లగా దిగిపోయేసరికి రెండో దొన్నెకు చేయి చాచాడు. వారం తిరక్కుండా మేడింటి నుంచి కబురు, వాళ్లకూ అదే కావాలని. తోటింట్లో ఒకటి చేస్తే మేడింట్లో అది చేయకుండా ఉంటారా? ఆ ఎండాకాలంలో రెండు దిక్కులా కలిపి ఐదు విందులు. పులివెందుల దాకా పోయింది నా చీటీ. కొట్టుకు చచ్చేవాళ్లంతా చక్కెర లేని పాయసం తిని మూతులు తుడుచుకున్నారు. మేడాయన భార్య రహస్యంగా నన్ను పిలిచి, "మా ఇంటాయనకు కూడా చక్కెర దిగిందమ్మా" అని చెప్పింది.

జూన్ రెండో వారానికి గాజు గొట్టంలో నీలం నీలంగానే నిలిచింది. పుండు పూర్తిగా మూసుకుంది. ప్రొద్దుటూరు డాక్టరు కట్టు విప్పి, వేలు అటూ ఇటూ తిప్పి చూసి, వేలు దక్కిందమ్మా అన్నాడు. బస్టాండుకు నడుస్తూ మా ఆయన చేయి పట్టుకున్నాను. పెళ్లయ్యాక వీధిలో పట్టుకోవడం అదే మొదలు.

ఐదో విందు ఆ మరుసటి ఆదివారం, మేడింట్లో. నేను అరుగు మీద ఆడవాళ్ల వరుసలో కూర్చున్నాను. పాయసం వచ్చింది. అందరి ముందూ దొన్నెలు పెట్టారు. ఎవరూ ముట్టలేదు. వెంకటయ్య మా ఆయన ముందు గిన్నె పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు.

నేను చెప్పిన కొలత గిన్నె అది. నేను రాసిన పాయసం. ఆయన చెంచా ఎత్తాడు. రెండు వందల మంది ఆయన గొంతు వైపే చూస్తున్నారు. దిగుతుందా, దిగాక మనిషి నిలబడతాడా అని. చక్కెర పలుకు పడకుండా ఇన్నాళ్లూ కాపాడిన ఆ నోటినే, ఎవడు ఏం కలిపాడో తేల్చుకోవడానికి వాళ్ల ముందు తెరిచిపెట్టింది నేనే. జీపు వాకిట్లో ఆగిన రోజు నేను కాదనలేదు. కొలతలు రాసిచ్చాను.

ఆయన మింగాడు. నాకు నవ్వుతూ తలాడించాడు, బాగుందని. నేను చేతి గడియారం చూసుకున్నాను. ఐదు నిమిషాలు, పది, పదిహేను. వెంకటయ్య చేయి ఊపాడు. అందరూ తినడం మొదలుపెట్టారు. "తినమ్మా నర్సమ్మా, చల్లారి బాగుంది" అంది పక్కనావిడ.

నేను మాత్రం దొన్నె పక్కకు జరిపి మళ్లీ గడియారం చూసుకున్నాను.